వై.జె.రావు, డి.టి.పి.

యాళ్ల జోగారావు ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సరం లెక్కల పరీక్షలో మంచినీళ్ళకని లేచి బయటికొచ్చాడు. ఆ నీళ్ళు తాగడం ఇంకా పూర్తి కాలేదు. అంటే మళ్ళీ బడి గుమ్మం తొక్కలేదన్నమాట. అయినా ఆ ఊరి విశ్వవిద్యాలయంలో పేరుకు ముందు డాక్టరు తగిలించుకున్న నాలుగువందల పన్నెండు మంది అతని చేతిమీదుగానే డాక్టర్లయ్యారు. రెండో గేటు ఎదురుగా, జిరాక్సు షాపుకీ పకోడీల బండికీ మధ్య ఇరుక్కున్న అతని డీటీపీ సెంటరులో టైపు కొట్టించుకోకుండా తెలుగులో సిద్ధాంత గ్రంథం బయటికొచ్చింది లేదు. ఒక్కటి తప్ప. దాని సంగతి తర్వాత.

జోగారావుకు ఒక రోగం ఉంది. చదవకుండా టైపు కొట్టలేడు. మిగతా డీటీపీ వాళ్ళు అక్షరాన్ని చూసి అక్షరాన్ని కొడతారు. ఇతనికి అర్థం కూడా తగులుతుంది. అందుకే ఒకే పేరా ఏడు గ్రంథాల్లో ఏడుగురి సొంత పరిశోధనగా రావడం గమనించాడు. ఎనిమిదోసారి వచ్చినప్పుడు రాతప్రతి చూడాల్సిన పని లేకపోయింది. కళ్ళు మూసుకుని కొట్టేశాడు. ఆ పిల్లాడికి డాక్టరేటూ వచ్చింది, బంగారు పతకమూ వచ్చింది.

ఇరవై ఏళ్ళ కిందట, షాపు తెరిచి మొట్టమొదటి గ్రంథం కొడుతున్న మధ్యాహ్నమే అతనికి ఒక సందేహం వచ్చింది. గైడు చదవాలి. ముగ్గురు పరీక్షకులు చదవాలి. తక్కువలో తక్కువ రాసినవాడైనా ఒకసారి చదువుకోవాలి. వీళ్ళలో ఎవరైనా చదువుతున్నారా, లేక ప్రపంచం మొత్తమ్మీద ఈ గోడు వింటున్నది నేనొక్కణ్ణేనా? తేల్చుకుందామని, చేతిలో ఉన్న గ్రంథంలో నాలుగో అధ్యాయం చివరి పేరా మధ్యలో ఇలా ఒక వాక్యం దూర్చాడు:

"ఇంతవరకు చదివిన పుణ్యాత్ములు రెండో గేటు ఎదుట జోగారావు షాపుకు వచ్చినచో అల్లం టీ, రెండు చేగోడీలు ఉచితం."

ఆ గ్రంథం వైవా రోజున జోగారావు షాపు సగం షట్టరు దించుకుని, ఎవరొచ్చి చొక్కా పట్టుకుంటారోనని కూర్చున్నాడు. సాయంత్రం స్వీటు ప్యాకెట్టు వచ్చింది. పరీక్షకుల నివేదిక కాపీ కూడా టైపు కొట్టడానికి అతని దగ్గరికే వచ్చింది. అందులో 'నాలుగవ అధ్యాయము మిక్కిలి లోతైనది' అని ఉంది.

ఆ రోజు మొదలు జోగారావు ఏ గ్రంథాన్నీ టీ లేకుండా పంపలేదు. చేగోడీల సీసా కంప్యూటరు పక్కనే పెట్టుకున్నాడు. మెత్తబడినప్పుడల్లా తనే తిని కొత్తవి పోసుకునేవాడు. అలా తొమ్మిదేళ్ళు తిన్నాడు.

పదో ఏట ఒక అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. నూనె పెట్టి బిగించి అల్లిన జడ, భుజాన గుడ్డ సంచి.

"జోగారావు గారంటే ఎవరండీ?"

"నేనే. ఏటి కావాలమ్మా? బైండింగా?"

"టీ."

"టీ కొట్టు అవతల సందులో ఉంది తల్లీ."

"ఆ టీ కాదండి. అల్లం టీ, రెండు చేగోడీలు. లైబ్రరీలో మూడు గ్రంథాలు చదివాను. మూడుసార్లు పిలిచారు. మూడూ ఇప్పుడే ఇచ్చేస్తారా, మూడు రోజులు రమ్మంటారా?"

జోగారావు లేచి నిలబడ్డాడు. ఉపకులపతి కారు గేటులోంచి వెళ్ళినా ఎప్పుడూ లేవని మనిషి.

ఆ అమ్మాయి పేరు సూరాడ నీలవేణి. అమ్మా నాన్నా ఉప్పు మడుల్లో పనిచేసినవాళ్ళు. ఆ మడుల్లో వాళ్ళు వాడుకునే పనిమాటల మీద పరిశోధన చేస్తోంది. ఆ రోజునుంచి అతను ఆమెకు చిన్నాన్న అయిపోయాడు. గ్రంథం రాయడం పూర్తయ్యాక జోగారావు కాగితాలకోసం చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"నేనే కొట్టుకుంటాను చిన్నాన్నా. నువ్వు నా నాలుగో అధ్యాయంలోకి కూడా టీ పట్టుకొచ్చేస్తావు."

"నీ దాంట్లో ఎందుకు పెడతాను? నువ్వు చదువుతావు కదా!"

"ఏమో. నీకది అలవాటైపోయింది."

షాపులోనే రెండో కంప్యూటరు మీద, కొత్త రకం ఫాంటు నేర్చుకుని, మొత్తం తనే కొట్టుకుంది. అతని టైపు లేని గ్రంథం అదొక్కటే.

డాక్టరేటు వచ్చింది. ఉద్యోగం రాలేదు. తెలుగు శాఖలో గెస్టు లెక్చరరుగా చేర్చుకున్నారు. ఏడేళ్ళయింది. గెస్టు అంటే అతిథి అని అర్థమట. కుర్చీ ఉండదు, బీరువా ఉండదు, వేసవిలో జీతం ఉండదు; రిజిస్టరులో సంతకం పెట్టే చోటు మాత్రం పెన్సిలు గీతతో వేరుగా ఉంటుంది. పద్నాలుగేళ్ళ తర్వాత ఆ శాఖలో ఒకే ఒక్క పర్మనెంటు పోస్టుకి ప్రకటన పడింది. ఆ పోస్టు ఇంకొకరికి వస్తే, వచ్చినవాళ్ళు నీలవేణి చెప్పే పాఠాలన్నీ తీసేసుకుంటారు. ఇక ఆమె కోసం సోంపేటలో ఒక ఇంగ్లీషు మీడియం బడి, యూకేజీ పిల్లలకు రైములు చెప్పడానికి, కాచుకుని ఉంది.

సరిగ్గా అప్పుడే కొత్త ఉపకులపతి ఆచార్య విఠలేశ్వర ప్రసాద్ గారు ఏదో చల్లటి కొండమీద మూడు రోజుల సదస్సుకు వెళ్ళి, ఉల్లేఖనం అనే జ్వరం తగిలించుకుని దిగారు. ఎంత చదివాడు, ఎంత బాగా చెప్పాడు అనేవి పాతకాలపు లెక్కలట. ఎంతమంది తమ గ్రంథాల్లో అతని పేరు రాశారో అదే విద్వత్తు అట. వెంటనే ఒక ఉత్తరువు జారీ అయింది. "ఈ విశ్వవిద్యాలయమునకు సమర్పింపబడిన సమస్త తెలుగు సిద్ధాంత గ్రంథములను యంత్రముచే చదివించి, అత్యధికముగా ఉల్లేఖింపబడిన విద్వాంసుని గుర్తించి, వారి మార్గదర్శకత్వమున నియామకములు జరుపవలసినదిగా నిశ్చయించడమైనది."

యంత్రం అంటే ఒక సాఫ్ట్‌వేరు. గ్రంథాల సీడీలన్నీ దానికి తినిపించారు. ఇక్కడే చిన్న చిక్కు వచ్చింది. జోగారావు వాడేది పాతకాలం ఫాంటు. దాంతో కొడితే తెరమీద 'అమ్మ' అని శుభ్రంగా కనిపిస్తుంది గానీ, కంప్యూటరు కడుపులో అది నాలుగు కొక్కేలూ ఒక డాలరు గుర్తుగా ఉంటుంది. కొత్త యంత్రానికి ఆ కొక్కేల్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. కాకపోతే ప్రతి గ్రంథంలోనూ, దేవుడికీ, తల్లిదండ్రులకీ, గైడుకీ, వేళకు కాఫీ ఇచ్చిన గైడుగారి భార్యకీ కృతజ్ఞతలు చెప్పుకునే పేజీ అడుగున, జోగారావు తన షాపు ప్రచారం కోసం ఇంగ్లీషు అక్షరాల్లో ఒక లైను వేసుకునేవాడు: వై.జె.రావు, డి.టి.పి. యంత్రానికి గ్రంథం మొత్తమ్మీద అదొక్కటే కనిపించింది.

యంత్రం రెండు విషయాలు తేల్చింది. ఒకటి, ఈ విశ్వవిద్యాలయంలో ఒక్క గ్రంథంలో తప్ప ఎక్కడా కాపీ కొట్టిన వాక్యం లేదు. రెండు, ఇక్కడ నాలుగువందల పన్నెండు గ్రంథాల్లో ఉల్లేఖించబడిన ఏకైక మహా విద్వాంసుడు వై.జె.రావు.

మొదటిది పేపర్లో వేయించారు. రెండో దానికోసం ఉపకులపతిగారే శాలువా పట్టుకుని, రిజిస్ట్రారుని వెంటేసుకుని, షాపుకి వచ్చారు.

"డాక్టర్ వై.జె.రావు గారు మీరేనా?" అన్నారు ఉపకులపతి, చెప్పులు బయట విప్పి.

"జోగారావునండి. డాక్టర్నేటి కాదండి."

"డి.టి.పి. అంటే డాక్టరేట్ ఇన్ టెక్స్ట్యువల్ ఫిలాలజీ కదా! విదేశీ పట్టా. మాకు తెలుసు లెండి," అన్నాడు రిజిస్ట్రారు గొంతు తగ్గించి.

"అది టైపు సెంటరు సార్! బోర్డు చూడండి. పైన రాసుంది."

ఉపకులపతి బోర్డు వైపు చూసి కళ్ళు ఒత్తుకున్నారు. "వినయం! ఇంతటి మనిషి అక్షర సేవ చేస్తూ, జిరాక్సు షాపు పక్కన... రిజిస్ట్రారు గారూ, నోట్ చేసుకోండి. అక్షర సేవ."

శాలువా కప్పారు. జోగారావు ఊరుకోలేదు. తాను ఎనిమిది తప్పిన టైపిస్టుననీ, యంత్రం పొరబడిందనీ రెండు పేజీల అర్జీ కొట్టి, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టి, స్వయంగా రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చాడు. వారానికి జవాబు వచ్చింది. "తమ వినయ ప్రకటన అందినది. తమరిని తెలుగు శాఖ నియామక మండలిలో విషయ నిపుణులుగా నియమించడమైనది. అభ్యర్థులు తమ గ్రంథములలో తమరిని ఉల్లేఖించినచో నూటికి నలుబది మార్కులు; తక్కిన అరువది విషయ నిపుణుల వాటా."

"చదవలేదు," అన్నాడు జోగారావు ఉత్తరం చూపిస్తూ. "మొదటి లైను కూడా చదవలేదు. వెళ్ళి గొంతు చించుకుని చెప్పొస్తాను. ఈ తమాషా నాకొద్దు."

నీలవేణి సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. యంత్రం ఆమె గ్రంథానికి ఇచ్చిన నివేదిక. కొత్త ఫాంటు కాబట్టి ఆమెదొక్కటే యంత్రానికి పూర్తిగా అర్థమైంది. అందుకని ఆమెదొక్కటే పట్టుబడింది. 'ఉప్పు' అనే మాట నాలుగువేల పైచిలుకు సార్లు పునరావృతం. తనను తానే కాపీ కొట్టినట్టు అనుమానం. వై.జె.రావు ఉల్లేఖనలు: సున్నా.

"ఉప్పు మీద రాస్తూ ఉప్పు అనకుండా ఎలాగమ్మా?"

"యంత్రాన్నడుగు."

"నలభై మార్కులు పోయినట్టేనా?"

"పోయినట్టే. సోంపేట వాళ్ళు ఇవాళ కూడా ఫోన్ చేశారు చిన్నాన్నా. రైములు పాడగలరా, డాన్సు కూడా చెయ్యాలి అన్నారు."

ఆమె నవ్వింది గానీ చేగోడీ అందుకోలేదు. జోగారావు చాలాసేపు ఆ ఉత్తరాన్ని తిరగేశాడు. తర్వాత అర్జీ కాపీని చెత్తబుట్టలో వేసి, ఇస్త్రీ బండి దగ్గరికి తెల్ల చొక్కా తీసుకెళ్ళాడు.

మర్నాటినుంచి షాపు ముందు అభ్యర్థులు బారులు తీరారు. ఒకప్పుడు టైపు డబ్బుల దగ్గర బేరం చేసి ఏడిపించినవాళ్ళంతా ఇప్పుడు పాదాలు ఎక్కడున్నాయని బల్లకింద వెతుకుతున్నారు. ఒకాయన 'వై.జె.రావు: ఒక దృక్పథం' అని వ్యాసం రాసి, టైపు కొట్టమని అతనికే ఇచ్చాడు. అందరిలోకి ముందున్నవాడు డాక్టర్ మన్మథ కుమార్. ఉపకులపతిగారికి శిష్యుడు, ఆయనే గైడు.

"గురువుగారూ, మీ భావధారలో నేను మునిగి తేలాను," అన్నాడు మన్మథ కుమార్.

"నీ గ్రంథంలో అచ్చుతప్పులు దిద్దడానికి రమ్మంటే రాలేదు నువ్వు. గుర్తుందా బాబూ?"

"అదే గురువుగారూ, మీ మీద నాకున్న నమ్మకం!"

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. ఉపకులపతి మధ్యన, రిజిస్ట్రారు ఎడమన, ఇస్త్రీ చొక్కాలో జోగారావు కుడివైపున. బల్లమీద అభ్యర్థుల గ్రంథాలు, జీడిపప్పు, మూతతీయని నీళ్ళ సీసాలు.

మన్మథ కుమార్ వచ్చి మూడు నమస్కారాలు పెట్టాడు. ఉపకులపతి శిష్యుణ్ణి చూసి మురిసిపోయి, "నిపుణులు ప్రశ్నించవచ్చు," అన్నారు.

"నీ నాలుగో అధ్యాయం చివర ఒక ఆహ్వానం ఉంది బాబూ," అన్నాడు జోగారావు. "దేనికి పిలిచావు?"

మన్మథ కుమార్ ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అది పాఠకునికి రచయిత అందించే బహిరంగ ఆహ్వానం సార్. అర్థ నిర్మాణంలో పాల్గొనమని!"

"అద్భుతం," అన్నారు ఉపకులపతి.

"అర్థానికి కాదు. ఇంకేదో. తాగేది."

"జ్ఞానామృతం సార్!"

"అల్లం వేస్తారు."

రిజిస్ట్రారు మెల్లగా గ్రంథం లాక్కుని నాలుగో అధ్యాయం తీశాడు. చదివాడు. మొహం చేగోడీ రంగులోకి తిరిగింది. పుస్తకాన్ని ఉపకులపతి ముందుకు జరిపాడు. ఉపకులపతి గట్టిగా చదివేశారు, ఆపుకోలేక, చేగోడీలదాకా.

"ఇది... ఇది మీకెలా తెలుసు?" అన్నారాయన.

"నేనే పెట్టాను సార్. నాలుగువందల పన్నెండింట్లోనూ ఉంది. మొదటి పేజీ తీయండి. గైడు పత్రం."

మొదటి పేజీలో 'ఈ గ్రంథమును అక్షరమక్షరము చదివి సంతృప్తి చెందితిని' అని ఉంది. కింద విఠలేశ్వర ప్రసాద్ గారి సంతకం, ఆకుపచ్చ సిరాతో.

తర్వాత వచ్చిన అయిదుగురినీ అదే ప్రశ్న అడిగాడు. ఒకరు మోక్షానికి అన్నారు. ఒకరు విప్లవానికి అన్నారు. ఒకామె, పాపం, "మా ఇంటి గృహప్రవేశానికా సార్? అప్పుడే టైపు కొట్టించాను," అంది. ఆమె ఒక్కదానికే జోగారావు అయిదు మార్కులు వేశాడు, నిజం చెప్పాలని ప్రయత్నించినందుకు.

ఆఖరున నీలవేణి.

"మీరు డాక్టర్ వై.జె.రావు గారిని ఎందుకు ఉల్లేఖించలేదు?" అన్నాడు రిజిస్ట్రారు, ఎవరిమీదైనా కోపం తీర్చుకోవాలి కాబట్టి.

"ఆయన టీ తాగానండి. తాగిన టీని ఉల్లేఖించే పద్ధతి లేదు."

జోగారావు నవ్వు ఆపుకుని, ఆమె గ్రంథం పక్కకి పెట్టేశాడు. "పుస్తకం చూడకుండా చెప్పమ్మా. మడిలో నీళ్ళు ఉప్పు కట్టేముందు పైన పలచగా ఒక పొర తేలుతుంది. దాన్నేమంటారు?"

"మా అమ్మ పూత అనేది. మామిడికి పూత అన్నట్టే. గాలి తిరిగితే పూత రాలిపోతుంది, ఆ రోజు చేసిన పనంతా పోయినట్టే. పూత నిలబడితే ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. మాట గాలికి కూడా చెదురుతుందని భయం. నాలుగో అధ్యాయంలో ఉందండి."

ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఉపకులపతిగారు కూడా జీడిపప్పు నమలడం ఆపారు.

జోగారావు మార్కుల కాగితంలో ఆమెకు నిపుణుడి వాటా అరవై మార్కులూ వేసేశాడు. కూడితే, ఉల్లేఖన మార్కులు సున్నా అయినా, ఆమే మొదటి స్థానం. మిగతావాళ్ళకి టీ తెలియలేదు కాబట్టి, గృహప్రవేశం ఆమెకు వేసిన అయిదు తప్ప, నిపుణుడి మార్కులు లేవు.

కానీ అది విశ్వవిద్యాలయం. మొదటి స్థానంలో ఉన్నంత మాత్రాన ఉద్యోగం ఇచ్చేస్తారా? జోగారావుని బయట కూర్చోబెట్టి లోపల మంతనాలు చేశారు. రెండు గంటల తర్వాత రిజిస్ట్రారు ఒక రాతప్రతి తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"తెలుగు శాఖ ఉత్తరువు తెలుగులోనే ఉండాలని రూలు. మా ఆఫీసులో ఫాంటు లేదు. కాస్త టైపు కొట్టి పంపండి."

"నిపుణుణ్ణి కదా నేను?"

"నిపుణత ఇందాకటితో ముగిసిందండి. ఇది టైపు."

రాతప్రతిలో ఇలా ఉంది: "ప్రథమ స్థానమున నిలిచినప్పటికిని, ఉల్లేఖన దారిద్ర్యము దృష్ట్యా, డా. సూరాడ నీలవేణిని సహాయ ఆచార్యులుగా నియమించరాదని నిర్ణయించడమైనది."

జోగారావు షాపుకొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళలో టీ తప్ప సొంతంగా ఒక్క అక్షరం కలిపినవాడు కాదు, ఒక్క అక్షరం తీసినవాడు కాదు. కొడుతూ కొడుతూ 'నియమించరాదని' దగ్గరికొచ్చాడు. వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. చెయ్యి జారింది. తెరమీద 'నియమించాలని' అని పడింది. అదే జారుడులో ముందున్న 'నిలిచినప్పటికిని' కాస్తా 'నిలిచినందున' అయింది, ఉల్లేఖన దారిద్ర్యం మొత్తం ఎగిరిపోయింది. దారిద్ర్యం ఎవరికి ఇష్టం?

పద్ధతి ప్రకారం ప్రూఫు పంపాడు. పైన పెద్ద అక్షరాలతో 'దయచేసి చదివి సరిచూడగలరు' అని కూడా వేశాడు. ప్రూఫు వెనక్కి వచ్చింది: చదివి సరిచూసితిని, రిజిస్ట్రారు. చదివి సరిచూసితిని, శాఖాధిపతి. చదివి సరిచూసితిని, విఠలేశ్వర ప్రసాద్, ఆకుపచ్చ సిరా. జోగారావు అలాగే తుది ప్రతి అచ్చు తీసి పంపాడు. దానిమీద కూడా సంతకాలు, గుండ్రటి ముద్ర పడ్డాయి. నంబరు వేశారు. తపాలాలో పడేశారు.

నీలవేణి ఉత్తరువు చూపించి ఉద్యోగంలో చేరిన మూడో రోజున గాని విషయం బయటపడలేదు. అదీ మన్మథ కుమార్ వచ్చి ఏడిస్తేనే. ఉపకులపతి రిజిస్ట్రారుని పిలిచి అరిచారు. రిజిస్ట్రారు న్యాయ సలహాదారుని పిలిచి అరిచాడు. న్యాయ సలహాదారు అరవలేదు. ఆయనకు పిలవడానికి కింద ఎవరూ లేరు.

"రద్దు చెయ్యవచ్చునండి," అన్నాడాయన తీరిగ్గా. "మీరు ముగ్గురూ 'చదివి సరిచూసితిని' అని చదవకుండా సంతకం పెట్టామని ప్రమాణ పత్రం ఇస్తే చాలు. ఆపైన మీరు అక్షరమక్షరము చదివితినని సంతకం పెట్టిన గ్రంథాల సంగతి ఎవరైనా అడిగితే, దానికి వేరే ప్రమాణ పత్రం రాసుకోవచ్చు. ఎన్ని అన్నారు? నాలుగువందలు...?"

ఉపకులపతిగారు కిటికీలోంచి రెండో గేటు వైపు చూశారు.

"ఉత్తరువు," అన్నారు చివరికి, "మండలి దీర్ఘ సమాలోచన అనంతరం, సంపూర్ణ పఠనం పిమ్మట జారీ అయినదే. ఎవరైనా ప్రశ్నిస్తే క్రమశిక్షణ చర్య."

ఆ సాయంత్రం నీలవేణి షాపుకొచ్చింది. భుజాన అదే గుడ్డ సంచి. ఉత్తరువు తీసి బల్లమీద పరిచింది.

"పూర్తిగా చదివాను చిన్నాన్నా."

"నాకు తెలుసు."

"ప్రతులు ఎవరెవరికో రాశావు కదా. అకౌంట్స్ శాఖ, గ్రంథాలయం... అయిదోది: 'ఇంతవరకు చదివిన పుణ్యాత్ములకు.' ముగ్గురు పెద్దమనుషుల సంతకాల కింద!"

"వచ్చారా మరి ఎవరైనా?"

"నేనొచ్చాను కదా." ఆమె వేలితో ఒక చోట చూపించింది. "ఇక్కడ 'శాఖ'లో ఒత్తు పోయింది చూడు. 'శాక' అని కొట్టావు. తప్పు."

జోగారావు కళ్ళద్దాలు సర్దుకుని కాగితం మీదికి వంగాడు. నిజమే. ఇరవై ఏళ్ళలో అంత మామూలు తప్పు చేసినవాడు కాదు.

"ఇంకేటైనా ఉందా?" అన్నాడు, తలెత్తకుండా.

నీలవేణి ఉత్తరువుని మళ్ళీ మొదటినుంచి చివరిదాకా, పెదాలు కదుపుతూ, ఒక్కొక్క మాటే చదివింది.

"లేదు," అంది. "అదొక్కటే తప్పు. మిగతాదంతా సరిగ్గానే ఉంది. టీ ఏది?"